మోర్మన్ సంఘానికీ చరిత్రకారులకీ ఎందుకు పడలేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

యూటాలో ఉద్యోగం వచ్చి సాల్ట్ లేక్ సిటీకో లీహైకో చేరిన మనవాళ్ళు కొన్నాళ్ళు గడిచాక ఇలాంటి ప్రశ్నలు పంపుతుంటారు. పక్క సీట్లో మనిషి కాఫీ ముట్టడు, ఆదివారం పని పెట్టుకోడు, ఇల్లు మారుతుంటే అడగకుండానే వచ్చి సోఫా మోస్తాడు, అంత మంచివాడు. కానీ ఫలానా చరిత్ర పుస్తకం పేరెత్తగానే మొహం అదోలా అయిపోయింది, ఎందుకు? ఒక్కొక్కరికి విడివిడిగా రాయలేక అన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను మోర్మన్‌ని కాదు, వాళ్ళమీద కోపమూ లేదు. మతాల చరిత్ర చదవడం ఒక పిచ్చి, అంతే.

అసలు మోర్మన్లు ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే 24 ఏళ్ళ రైతుబిడ్డ మొదలుపెట్టిన సంఘం. దేవదూత చూపించిన బంగారు రేకుల మీది రాతని దేవుడి శక్తితో అనువదించానని చెప్పి, అదే ఏడాది మోర్మన్ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. 1844లో ఇల్లినాయ్‌లో కార్తేజ్ అనే ఊరి జైల్లో ఉండగా ఒక గుంపు వచ్చి కాల్చి చంపింది. తర్వాత ఎక్కువమంది బ్రిగమ్ యంగ్ వెంట పడమటికి వెళ్ళిపోయి 1847లో ఇప్పటి సాల్ట్ లేక్ సిటీ ఉన్నచోట దిగారు. బహుభార్యత్వం పాటించారు, 1890లో ఆపేస్తున్నామని ప్రకటించారు. ఇప్పుడు సంఘం చెప్పే లెక్క ప్రకారం సభ్యులు కోటీ 70 లక్షల పైనే. పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. ఈ పేజీలో ఉత్తినే 'సంఘం' అని ఉంటే అదే.

ప్రపంచంలో అన్ని మతాల్నీ యూనివర్సిటీల్లో చదువుతూనే ఉన్నారు కదా, వీళ్ళ దగ్గరే ఎందుకింత గొడవ?

వయసు వల్ల. ఈ మతం పుట్టేనాటికే ఊరూరా అచ్చుయంత్రం ఉంది, పత్రికలున్నాయి, కోర్టులు రసీదులు రాసుకుంటున్నాయి, పక్కింటివాళ్ళు ఉత్తరాలు రాసుకుంటున్నారు. వేల ఏళ్ళ కిందటి ఋషి ఫలానా మంగళవారం ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. జోసెఫ్ స్మిత్ ఎక్కడున్నాడో మాత్రం అడగొచ్చు, చాలాసార్లు జవాబు కూడా దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. 1826లో, అంటే సంఘం పుట్టడానికి నాలుగేళ్ళ ముందు, రాయిలో చూసి పాతిపెట్టిన నిధుల జాడ చెప్తానంటున్నాడని జోసెఫ్‌ని ఒక స్థానిక న్యాయాధికారి ముందు నిలబెట్టారు. అలాంటిదేమీ జరగలేదని చాలాకాలం వాదించినవాళ్ళున్నారు. 1971లో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టర్ న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్‌లో జైలు నేలమాళిగలో పాత కాగితాలు తిరగేస్తుంటే ఆ న్యాయాధికారి ఖర్చుల బిల్లు దొరికింది. అందులో జోసెఫ్ స్మిత్ పేరు, పక్కనే 'గాజులో చూసేవాడు' అని వృత్తి, చివర 2 డాలర్ల 68 సెంట్లు. ఒక్క చిన్న బిల్లు ముక్క, దానిమీద ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు.

రెండో సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. సంఘం మొదలైన రోజే 'మీలో ఒక దస్తావేజు రాసి ఉంచాలి' అని దేవుడి ఆజ్ఞ వచ్చిందని వాళ్ళ నమ్మకం. అందుకని మొదటినుంచీ రాశారు. డైరీలు, మినిట్స్, ఉత్తరాల నకళ్ళు, అన్నీ. చరిత్రకారుణ్ణి ఒక పదవిగా పెట్టుకున్న మతం ఇది. అంత శ్రద్ధగా దాచుకున్న కాగితాలే తర్వాత తలనొప్పి తెచ్చాయి.

మొదటి పెద్ద గొడవ ఎవరితో?

ఫాన్ బ్రోడీతో. 1945లో ఆవిడ జోసెఫ్ స్మిత్ జీవితచరిత్ర రాసింది. అప్పటికి ముప్పై ఏళ్ళు. సంఘంలో పుట్టి పెరిగిన పిల్ల, పైగా తర్వాతి రోజుల్లో సంఘానికి అధ్యక్షుడైన డేవిడ్ మెకే ఆవిడ స్వయానా పెదనాన్న. ప్రవక్త కాదు, గొప్ప కల్పనాశక్తి ఉన్న మనిషి అని చూపించింది. 1946లో వెలివేశారు. సంఘం తరఫున హ్యూ నిబ్లీ అనే పండితుడు వెటకారం దట్టించి ఒక చిన్న పుస్తకం రాశాడు. బ్రోడీ చెప్పిన కొన్ని ఊహలు తర్వాత పరిశోధనలో నిలబడలేదు, నిజమే. నిబ్లీ వెటకారం కూడా ఈరోజు చదివితే పెద్దగా నిలబడదు.

అంటే చేదు నిజం రాస్తే వెలివేయడమేనా?

అలా సూటిగా చెప్పలేం. జువానిటా బ్రూక్స్ కథ వినండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఇష్టమైన మనిషి ఆవిడే.

1857 సెప్టెంబర్ 11న దక్షిణ యూటాలో మౌంటెన్ మెడోస్ అనే మైదానంలో కాలిఫోర్నియాకి బళ్ళమీద పోతున్న వలస కుటుంబాల్ని, సుమారు 120 మందిని, స్థానిక మోర్మన్ సైనిక దళం వాళ్ళు, వాళ్ళతో కలిసిన కొందరు పాయూట్ తెగవాళ్ళు చంపేశారు. తెల్లజెండా చూపించి, ఆయుధాలు దింపించి మరీ చంపారు. మిగిలింది పదిహేడుమంది పసిపిల్లలు. నేరం చాలాకాలం పాయూట్ల మీదికి తోసేశారు, జాన్ లీ ఒక్కణ్ణి 1877లో కాల్చి శిక్ష అయిందనిపించారు.

బ్రూక్స్ ఆ ప్రాంతంలోనే స్కూలు టీచరు. ఒక ముసలాయన, నీఫై జాన్సన్ అని, ఆవిడ దగ్గరికొచ్చి నేను చెప్పేది రాసిపెట్టు, నా కళ్ళు చూసినవి నా నోరు ఇంతవరకూ చెప్పలేదు అన్నాడట. సరే తాతా, తర్వాత వస్తాలే అనుకుంది. తీరా వెళ్ళేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు, మగతలో 'రక్తం, రక్తం, రక్తం' అని అరుస్తున్నాడు. ఆయన కూడా ఆరోజు అక్కడున్నవాడే. ఏం చెప్పాలనుకున్నాడో చెప్పకుండానే పోయాడు.

ఆవిడ తర్వాత ఏళ్ళ తరబడి కాగితాలు వెతికింది. 1950లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకం వేసింది. వెలివేయలేదు, కానీ ఊళ్ళో చాలామంది దూరం పెట్టారు. ఆవిడ మాత్రం ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తూనే ఉంది. 1961లో సంఘం జాన్ లీ సభ్యత్వాన్ని చనిపోయిన 84 ఏళ్ళకి తిరిగి ఇచ్చింది. 2007లో, నూటయాభయ్యో వర్ధంతికి, ఒక అపొస్తలుడు (సంఘం పై మండలిలో ఉండే పెద్ద నాయకుడు) అదే మైదానంలో నిలబడి సంఘం తరఫున విచార ప్రకటన చదివాడు. మరుసటి ఏడాది సంఘ చరిత్ర విభాగంతో సంబంధమున్న ముగ్గురు చరిత్రకారులే ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి ఆ హత్యాకాండ మీద పుస్తకం తెచ్చారు.

బ్రోడీకీ బ్రూక్స్‌కీ తేడా ఏమిటంటే, బ్రోడీ ప్రవక్తనే కాదంది. బ్రూక్స్ ప్రవక్త జోలికి పోకుండా మన మనుషులు పాపం చేశారంది. ఇది నా లెక్క, ఒప్పుకోనివాళ్ళు కూడా ఉన్నారు.

లెనార్డ్ ఆరింగ్టన్ పేరు అందరూ తలుస్తారు, ఎందుకు?

ఐడహోలో రైతు కొడుకు, చదివింది ఎకనామిక్స్, 1958లో మోర్మన్ల ఆర్థిక చరిత్ర మీద రాసిన పుస్తకంతో పేరొచ్చింది. 1965లో కొంతమందిని కూడగట్టి మోర్మన్ హిస్టరీ అసోసియేషన్ పెట్టాడు. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ దగ్గర కొందరు కుర్రవాళ్ళు డైలాగ్ అనే పత్రిక మొదలుపెట్టారు, సంఘం చేతిలో లేని పత్రిక. అదొక ఊపు. ఆ ఊపులోనే 1972లో సంఘం ఆరింగ్టన్‌ని పిలిచి అధికారిక చరిత్రకారుడి పదవి ఇచ్చింది. ఆ కుర్చీలో ఒక ప్రొఫెషనల్ చరిత్రకారుడు కూర్చోవడం అదే మొదటిసారి. అంతకుముందు చాలాకాలం ఆ పని అపొస్తలులే చూసుకునేవాళ్ళు.

ఆయన టీములో పరిశోధకుల్ని పెట్టుకున్నాడు, కాగితాల గదులు తెరిపించాడు, బయటివాళ్ళని కూడా రానిచ్చాడు, పదహారు సంపుటాల చరిత్రకి ప్లాన్ వేశాడు. ఆ పదేళ్ళని వాళ్ళు ఇప్పటికీ మనం రామరాజ్యం అన్నట్టు తల్చుకుంటారు. కానీ 1976లో ఈ టీమువాళ్ళు రాసిన ఒక్క సంపుటి చరిత్ర రాగానే కొందరు అపొస్తలులకి నచ్చలేదు, ఇందులో దేవుడి చెయ్యి ఎక్కడ, అంతా కరువులూ అప్పులూ రాజకీయాలేనా అని. అంతే, మెల్లిగా బిగించడం మొదలైంది. పదహారు సంపుటాలు ఆగిపోయాయి. 1980లో ఆ విభాగాన్ని ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి మారుస్తున్నామన్నారు. 1982లో ఆయన్ని ఒక ఉత్తరంతో పదవి నుంచి తప్పించారు. మామూలుగా అయితే సర్వసభ్య సమావేశంలో పేరు చదివి, చేతులెత్తించి, కృతజ్ఞత చెప్పి పంపుతారు. ఈయనకి అది కూడా లేదు.

ఆయన మాత్రం చివరిదాకా నమ్మకస్థుడే, 1999లో పోయాడు. తన డైరీలూ కాగితాలూ వందల పెట్టెలు యూటా స్టేట్ యూనివర్సిటీకి రాసిచ్చాడు. 2001లో వాటిలో కొన్ని మావని సంఘం వచ్చింది, కొద్ది కాగితాలతో రాజీ అయింది. మన ఊళ్ళో గుడి ధర్మకర్త ఇంట్లో ఉన్న తాళపత్రాలు ఒక్కసారి చూపించమని బతిమాలినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

'నిజమైనవన్నీ ఉపయోగపడవు' అన్నది ఎవరు?

అపొస్తలుడు బాయిడ్ ప్యాకర్. 1981లో సంఘం తరఫున మతపాఠాలు చెప్పే టీచర్ల సమావేశంలో దాదాపు ఆ అర్థం వచ్చేలా మాట్లాడాడు. చరిత్రకారుడు అన్నీ తెలిసినంత మాత్రాన అన్నీ చెప్పనక్కర్లేదు, విశ్వాసం బలపడేది చెప్పాలి అని. ఇది వినగానే మనకి కోపం వస్తుంది గానీ, ఆయన వైపునుంచి కూడా చూడాలి: పిల్లలకి బళ్ళో పాఠం చెప్పేవాడు అపోహలు రేకెత్తించే పని పెట్టుకోకూడదని ఆయన భయం. నాకు మింగుడుపడనిది మాత్రం ఒకటుంది. చెప్పకుండా ఉండటం వేరు, ఇంకొకరు చెప్తే శిక్షించడం వేరు. తర్వాత పన్నెండేళ్ళలో మొదటిది రెండోదిగా మారిపోయింది.

హాఫ్‌మన్ బాంబుల కథ నిజమేనా? సినిమాలా ఉంది.

నిజమే. మార్క్ హాఫ్‌మన్ పాత కాగితాల వ్యాపారి, సంఘంలోనే పెరిగినవాడు. 1980ల్లో వరసగా సంఘం తొలినాళ్ళ పత్రాలు 'కనిపెట్టి' అమ్మేవాడు. అన్నీ సొంత చేతిరాత. వాటిలో అన్నిటికన్నా పేరుపడ్డ ఉత్తరంలో జోసెఫ్‌కి రేకులిచ్చింది దేవదూత కాదు, తెల్లటి సాలమాండర్ అని ఉంది. అది ఒక రకం బల్లిలాంటి జీవి. ఎఫ్‌బీఐ నిపుణులు కూడా బోల్తా పడ్డారు. సంఘం కొన్నిటిని కొనింది, కొన్నిటిని బయటపెట్టింది. తీరా లేని కాగితాలకి అడ్వాన్సులు తీసుకుని ఇరుక్కుపోయి, టైమ్ కొనుక్కోవడానికి 1985 అక్టోబర్ 15న సాల్ట్ లేక్ సిటీలో బాంబులు పెట్టి ఇద్దర్ని చంపాడు. మర్నాడు మూడో బాంబు తన కార్లోనే పేలి దొరికిపోయాడు. 1987లో నేరం ఒప్పుకుని యావజ్జీవం పడ్డాడు.

దీనివల్ల చరిత్రకారులందరికీ దెబ్బ తగిలింది. దొంగ పత్రాల్ని నమ్మి పేజీలకి పేజీలు రాసినవాళ్ళు సిగ్గుపడ్డారు, కాగితాల గది తలుపులు సంఘం ఇంకాస్త గట్టిగా మూసింది.

'సెప్టెంబర్ ఆరుగురు' అంటే?

1993 సెప్టెంబర్‌లో కొద్దిరోజుల్లో సంఘం క్రమశిక్షణ తీసుకున్న ఆరుగురు రచయితలు, పండితులు. లిన్ వైట్‌సైడ్స్‌కి సభ్యత్వ హక్కులు తగ్గించి వదిలారు, మిగతా అయిదుగురిని వెలివేశారు: ఆవ్రహాం గిలియాడీ, పాల్ టోస్కానో, మాక్సిన్ హ్యాంక్స్, లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్, మైకేల్ క్విన్. అదే ఏడాది మే నెలలో ప్యాకర్ సంఘానికి మూడు ప్రమాదాలున్నాయని చెప్పాడు: స్వలింగ సంపర్కుల ఉద్యమం, స్త్రీవాదం, పండితులమనుకునేవాళ్ళు. లెక్క చూసుకోండి.

వీళ్ళ నేరాలు ఒక్కటే రకం కావు. హ్యాంక్స్ స్త్రీలకి యాజకత్వం (మతకర్మలు జరిపే అధికారం) గురించి పుస్తకం తెచ్చింది. గిలియాడీ బైబిల్లోని యెషయా గ్రంథం మీద పనిచేసే సంప్రదాయవాది, ఆయన్ని ఎందుకు వెలివేశారో ఇప్పటికీ చాలామందికి అర్థం కాదు. కొన్నేళ్ళకే తిరిగి చేర్చుకున్నారు. హ్యాంక్స్ 2012లో తిరిగి బాప్తిస్మం తీసుకుంది.

క్విన్ సంగతి వేరు. యేల్‌లో డాక్టరేట్ చేసి, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవాడు. ప్యాకర్ 1981 ఉపన్యాసానికి అదే ఏడాది అక్కడి విద్యార్థుల ముందే జవాబు చెప్పిన ధైర్యం ఆయనది. 1985లో డైలాగ్ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు: 1890లో బహుభార్యత్వం ఆపేశామని ప్రకటించాక కూడా 1904 దాకా పెద్దల అనుమతితోనే కొత్త పెళ్ళిళ్ళు జరిగాయని, పేర్లతో సహా. 1988లో ఉద్యోగం వదిలేశాడు. తర్వాత ఎక్కడా పర్మనెంట్ ప్రొఫెసర్ పోస్టు దొరకలేదు. సంఘం వైపునుంచి దాతలున్న చోట ఈయనకి భయపడ్డారు, మిగతా చోట్ల మోర్మన్ చరిత్ర అంటే ఎవరికి కావాలన్నారు. ఇంత చేసినా చచ్చేదాకా తను నమ్ముతున్నాననే చెప్పాడు. 2021లో పోయాడు.

బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్లకి స్వేచ్ఛ ఉందా?

సైన్సు, అకౌంటింగ్, భాషలు, వీటిలో ఏ మంచి యూనివర్సిటీకీ తీసిపోదు, జీవపరిణామం కూడా బాగా చెప్తారు. సంఘ సిద్ధాంతాన్నో నాయకుల్నో బహిరంగంగా తప్పుపట్టకూడదు, అది 1992లో రాతపూర్వకంగానే పెట్టుకున్నారు. ఉద్యోగి సభ్యుడైతే సంఘ పెద్దల నుంచి మంచి స్థితిలో ఉన్నాడని ధృవీకరణ కావాలి. 1998లో అమెరికా యూనివర్సిటీ ప్రొఫెసర్ల సంఘం ఆ యూనివర్సిటీని అభిశంసించింది.

వాళ్ళు అంతగా దాచినవి ఏమిటి?

'దాచడం' అనే మాట కొంచెం జాగ్రత్తగా వాడాలి. చాలావాటిని దాచలేదు, చెప్పలేదు, అంతే. కానీ రెండు వస్తువుల సంగతి చెప్తాను, మీరే తేల్చుకోండి.

మొదటిది ఒక లెటర్‌బుక్, అంటే ఉత్తరాల నకళ్ళు రాసుకునే పుస్తకం. చిన్నప్పుడు అడవిలో ప్రార్థన చేస్తుంటే దేవుడు కనిపించాడన్నది జోసెఫ్ మూల కథ. మిషనరీలు ఇంటింటికీ తిరిగి చెప్పేది 1838లో చెప్పిన రూపం, అందులో తండ్రి అయిన దేవుడూ, కుమారుడు యేసూ ఇద్దరూ కనిపిస్తారు. అంతకన్నా ముందు, 1832లో, కొంత సొంత చేత్తోనే రాసిన రూపం ఒకటుంది, అందులో కనిపించింది ప్రభువు ఒక్కడే. ఆ మూడు కాగితాల్నీ ఎవరో పుస్తకంలోంచి కోసేశారు. కోత కూడా నీటుగా లేదు, అంచు ఒకచోట ముక్క ఊడిపోయింది. తర్వాత ఎప్పుడో టేపు వేసి మళ్ళీ అతికించారు. 1965లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ విద్యార్థి ఒకాయన థీసిస్‌లో పెట్టేదాకా బయటి ప్రపంచానికి తెలీదు. కథలు మారడం పెద్ద నేరం కాదు, మన అమ్మమ్మలు కూడా ఒక్క కథని ఏటా ఒకలా చెప్తారు. కాగితాలు కోయడం దగ్గరే వస్తుంది చిక్కు.

రెండోది ఒక రాయి. కోడిగుడ్డంత, చాక్లెట్ రంగు, మీద చారలు. చర్చి గోడలమీద బొమ్మల్లో జోసెఫ్ బల్ల ముందు కూర్చుని బంగారు రేకులు చూస్తూ చదువుతుంటాడు. దగ్గరున్నవాళ్ళు చెప్పింది వేరు: ఈ రాయిని టోపీలో వేసి, వెలుతురు రాకుండా మొహం టోపీలో పెట్టి, మాటలు చెప్తుంటే పక్కవాడు రాసుకునేవాడని. ఆ రాయి సంఘం దగ్గరే ఉంది. 2015 ఆగస్టులో మొదటిసారి ఫోటో తీసి బయటపెట్టారు. నలభై ఏళ్ళు ఆదివారం బడిలో పాఠాలు చెప్పినవాళ్ళు ఆ ఫోటో చూసి ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి.

ఈజిప్టు కాగితాల గొడవేంటి?

1835లో జోసెఫ్ నాలుగు మమ్మీల్నీ వాటితో వచ్చిన పాపిరస్ చుట్టల్నీ 2400 డాలర్లకి కొనిపించి, ఇవి బైబిల్లోని అబ్రాహాము రాసినవని ఒక గ్రంథం చెప్పాడు. ఆ చుట్టలు చికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయనుకున్నారు. 1966లో కొన్ని ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కనిపించాయి, మరుసటి ఏడాది సంఘానికి ఇచ్చేశారు. ఈజిప్టు లిపి చదవగలిగినవాళ్ళు చూస్తే హోర్ అనే పూజారితో సహా కొందరి శవాలతో పెట్టిన అంత్యక్రియల మంత్రాలు. అబ్రాహాము ఊసే లేదు. 2014లో సంఘం సొంత వ్యాసంలో ఆ ముక్కలకీ గ్రంథానికీ పొంతన లేదని ఒప్పుకుని, పోయిన భాగంలో ఉండొచ్చు, లేదా ఈ కాగితాలు ప్రేరణగా పనిచేసి ఉండొచ్చు అంది. కర్ర విరగకుండా పాముని చంపే ప్రయత్నం.

మరి ఇప్పుడు సంఘమే అన్నీ చెప్తోందంటారు, ఏం మారింది?

ఇంటర్నెట్ వచ్చింది. లైబ్రరీకి వెళ్ళి వెతికితే తప్ప దొరకనిది ఫోన్లో రెండు నొక్కుల్లో దొరికితే, గది తాళాలతో పనేముంది? 2010లో స్టాక్‌హోమ్‌లో సభ్యులు, అదీ మామూలు సభ్యులు కాదు, యూరప్ స్థాయిలో పెద్ద పదవి చేసినవాళ్ళతో సహా, ఇవన్నీ మాకెందుకు చెప్పలేదని నిలదీశారు. జవాబివ్వడానికి సాల్ట్ లేక్ నుంచి సంఘ చరిత్రకారుడే విమానమెక్కి వెళ్ళాల్సొచ్చింది.

2013 నుంచి 2015 మధ్య సంఘం తన వెబ్‌సైట్‌లో వరసగా వ్యాసాలు పెట్టింది. జోసెఫ్‌కి 30 నుంచి 40 మంది దాకా భార్యలు ఉండొచ్చని, వాళ్ళలో ఒకమ్మాయికి పదిహేనేళ్ళు నిండటానికి ఇంకా కొన్ని నెలలుందని అందులోనే ఉంది. నల్లజాతివాళ్ళకి 1978 దాకా యాజకత్వం ఇవ్వకపోవడం గురించి కూడా రాశారు: జోసెఫ్ కాలంలో కొందరికి ఇచ్చారు, నిషేధం బ్రిగమ్ యంగ్ కాలంలో వచ్చింది, అప్పుడు చెప్పిన కారణాలు తప్పు అని. ఈ మాటని లెస్టర్ బుష్ అనే డాక్టరు, చరిత్ర ఆయన వృత్తి కూడా కాదు, 1973లోనే డైలాగ్‌లో పాత కాగితాలు ముందు పెట్టి నిరూపించాడు.

ఇంకో పెద్ద పని జోసెఫ్ స్మిత్ పేపర్స్. ఆయన రాసిన, రాయించిన ప్రతి కాగితాన్నీ కొట్టివేతలతో, తప్పులతో సహా అచ్చువేయడం. మొదటి సంపుటి 2008లో, చివరిది 2023లో, మొత్తం 27. ఖర్చులో పెద్ద భాగం కార్ల వ్యాపారి, యూటా జాజ్ బాస్కెట్‌బాల్ టీముకి అప్పటి ఓనరు లారీ మిల్లర్ కుటుంబం పెట్టుకుంది. ఎప్పటికీ బయటకి రావనుకున్న 'యాభైమంది మండలి' (జోసెఫ్ 1844లో పెట్టిన రహస్య మండలి) మినిట్స్ కూడా 2016లో వచ్చేశాయి. అందరూ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. నేను పైన చెప్పిన టేపు అతికించిన కాగితాల ఫోటో కూడా అక్కడే ఉంది.

సంఘం డబ్బుతో వచ్చిన పుస్తకాల్ని నమ్మొచ్చా?

కాగితాల పాఠాన్ని నమ్మొచ్చు, కళ్ళు మూసుకుని. ఎడిటింగ్‌లో వాళ్ళ పనితనాన్ని బయటి పండితులు కూడా మెచ్చుకుంటారు. ముందుమాటలూ వివరణలూ చదివేటప్పుడు మాత్రం ఎవరు రాయించారో గుర్తుపెట్టుకుని చదవండి. అబద్ధం ఉండదు, మెత్తదనం ఉంటుంది.

యూనివర్సిటీల్లో 'మోర్మన్ స్టడీస్' పీఠాలు వచ్చాయి కదా, వాటికి డబ్బెవరిది?

ఎక్కువగా మోర్మన్ దాతలదే. యూటా స్టేట్‌లో 2007లో ఆరింగ్టన్ పేరు మీద, కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో 2008లో ఒక పాత సంఘాధ్యక్షుడి పేరు మీద, ఆ తర్వాత కొన్నేళ్ళకి వర్జీనియా యూనివర్సిటీలో రిచర్డ్ బుష్‌మన్ పేరు మీద పెట్టారు. సొమ్మొకడిది సోకొకడిది అనుకోకండి, ఎవర్ని తీసుకోవాలో తేల్చేది యూనివర్సిటీయే. అయినా దాతలు దూరమయ్యేలాంటి మనిషిని ఏ కమిటీ తేలిగ్గా ఎంచుకుంటుంది? క్విన్‌కి ఉద్యోగం దొరకని రోజులు గుర్తున్నవాళ్ళకి ఆ అనుమానం పోదు.

ఈ బుష్‌మన్ గురించి ఒక మాట చెప్పాలి. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు, సంఘంలో పదవులు చేసిన నిఖార్సయిన విశ్వాసి. 2005లో జోసెఫ్ జీవితచరిత్ర రాశాడు. నిధులు వెతకడం, రాయి, భార్యలు, అన్నీ ఉన్నాయి అందులో, ప్రవక్త మీద ప్రేమ కూడా ఉంది. దాన్ని సంఘం సొంత పుస్తకాల షాపుల్లోనే అమ్మారు. బ్రోడీ నుంచి ఇక్కడికి రావడానికి సరిగ్గా అరవై ఏళ్ళు పట్టింది.

విశ్వాసులైన పండితులంతా ఒకే మాట మీద ఉంటారా?

లేదు, వాళ్ళలో వాళ్ళకే పెద్ద తగాదా. 1979లో మొదలైన ఫార్మ్స్ అనే సంస్థ పని మోర్మన్ గ్రంథం పాతకాలపు చరిత్రే అని వాదించడం, కాదన్నవాళ్ళని పత్రికలో చీల్చి చెండాడటం. 1997లో దాన్ని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో కలిపేశారు. 2012లో అక్కడి డైరెక్టరు, మనకి ఈ పోట్లాట వద్దు, మామూలు యూనివర్సిటీలు గౌరవించే పద్ధతిలో రాద్దాం అని 1989 నుంచి పత్రిక నడుపుతున్న ఎడిటర్‌ని ఈమెయిల్‌తో తప్పించాడు. ఆయన ఊరుకుంటాడా, కొన్ని వారాల్లోనే వేరే పత్రిక పెట్టేశాడు.

మోర్మన్ కానివాళ్ళు ఈ చదువులోకి వస్తారా?

వస్తారు. జాన్ షిప్స్ అనే మెథడిస్టు మహిళ ఇందులో పెద్ద పేరు, మోర్మన్ హిస్టరీ అసోసియేషన్‌కి అధ్యక్షురాలైన మొదటి మోర్మనేతరురాలు. క్రైస్తవం యూదు మతంలోంచి ఎలా కొత్త మతమైందో మోర్మనిజం క్రైస్తవంలోంచి అలా కొత్త మతమైందని ఆవిడ వాదన. నిజమా అబద్ధమా అన్న గొడవ పక్కనపెట్టి మాట్లాడుకోవడానికి రెండు వైపులవాళ్ళకీ అది దారి చూపింది.

'మోర్మన్' అనే మాటే వాడొద్దన్నారు కదా?

2018లో అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ అన్నాడు, ఆ ముద్దుపేరు వాడితే సాతానుకి పెద్ద విజయమని కూడా అన్నాడు. పేరుమోసిన గాయక బృందం పేరు కూడా మార్చేశారు. పండితులు మాత్రం మానలేదు, జోసెఫ్ నుంచి వచ్చిన శాఖలు చాలా ఉన్నాయి, అన్నిటినీ కలిపి పిలవడానికి ఇంకో మాట లేదు. ఆఫీసులో మాత్రం వాళ్ళు కోరిన పేరే వాడండి, మర్యాద.

మిగతా శాఖల్లో కూడా ఇలాగే ఉందా?

యూటాకి వెళ్ళకుండా ఉండిపోయిన వాళ్ళలో పెద్ద శాఖ, ఇప్పుడు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అంటారు, మిస్సోరిలో ఉంటుంది. జోసెఫ్ సొంత కొడుకు 1860లో దాని నాయకుడయ్యాడు. మా నాన్నకి అమ్మ తప్ప వేరే భార్యల్లేరని కొడుకు వాదన, ఆ శాఖ వందేళ్ళు అదే పట్టుకుంది. తర్వాత వాళ్ళ చరిత్రకారులు కాదని చూపిస్తే పెద్దగా కొట్లాడకుండా మెల్లిగా ఒప్పుకుంది. 1984లో స్త్రీలకి యాజకత్వం ఇచ్చింది. సభ్యులు కూడా తగ్గిపోయారు. 2017లో మోర్మన్ గ్రంథం అచ్చుకి వెళ్ళిన చేతిరాత ప్రతిని యూటా సంఘానికి 3.5 కోట్ల డాలర్లకి అమ్మింది. 2024లో జోసెఫ్ కాలంలో ఒహాయోలో కట్టిన కర్ట్‌లాండ్ ఆలయాన్నీ మరికొన్ని చారిత్రక స్థలాల్నీ కూడా. నిజం చెప్పడంవల్లే ఇలా అయిందని సాల్ట్ లేక్‌లో కొందరు వేలు చూపిస్తారు. నేనైతే అంత తేలిగ్గా ముడిపెట్టను.

తెలుగువాళ్ళలో మోర్మన్లు ఉన్నారా?

ఉన్నారు. సమోవాలో ఉద్యోగం చేస్తూ అక్కడ ఈ సంఘంలో చేరిన ఒక తెలుగు దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి ముందు తమ చుట్టాలకే బాప్తిస్మం ఇప్పించారు. మోర్మన్ గ్రంథం తెలుగులోకి రావడానికి కూడా ఆ కుటుంబమే కారణం. 2012లో దేశంలో మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, హైదరాబాద్‌లోనే పెట్టారు. వైజాగ్, రాజమండ్రి వైపు కూడా సభ్యులున్నారు. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించారు. మన బాప్టిస్టు, లూథరన్ చుట్టాల్ని అడిగితే వాళ్ళు క్రైస్తవులే కాదంటారు. ఆ తగువులోకి నేను రాను.

విశ్వాసి ఇవన్నీ చదివితే నమ్మకం పోతుందా?

కొందరికి పోయింది, కొందరికి పోలేదు. పోయినవాళ్ళలో చాలామంది చెప్పేది ఒక్కటే: రాయి చూసి పోలేదు, ఇన్నేళ్ళు రాయి ఉందని నాకెవరూ చెప్పలేదని పోయింది.

1993లో వెలివేసినవాళ్ళు చెప్పినవి ఇప్పుడు సంఘం వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి కదా, మరి వాళ్ళకి క్షమాపణ చెప్పారా?

లేదు. 1890 తర్వాత కూడా కొత్త పెళ్ళిళ్ళు జరిగాయని సంఘం సొంత వ్యాసంలోనే ఉంది ఇప్పుడు. క్విన్ మాత్రం వెలివేతలోనే పోయాడు.

లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్ చేసిన తప్పు, సంఘ పెద్దలు పండితుల మీద తీసుకున్న చర్యల్ని తేదీలవారీగా రాసి 1993లో డైలాగ్‌లో అచ్చువేయడం. వెలివేశాక ఎక్కడికీ పోలేదు. ప్రతి ఆదివారం అదే వార్డుకి, అంటే తన స్థానిక చర్చికి, వెళ్ళి కూర్చునేది. వెలివేసినవాళ్ళు రొట్టె, నీళ్ళు తీసుకోకూడదు, లేచి ప్రార్థన చెప్పకూడదు. పళ్ళెం వరసలో వస్తే పక్కవాళ్ళకి అందించేది. అలా దాదాపు 30 ఏళ్ళు. 2019లో తిరిగి బాప్తిస్మం ఇమ్మని అడిగింది, స్థానిక పెద్దలు సరేనన్నారు, సాల్ట్ లేక్ నుంచి కాదని వచ్చింది. తర్వాత ఆదివారం కూడా వెళ్ళింది. 2023లో చనిపోయింది.